ఆరు బ్లాగులకు ఆరు పొయ్యిలెందుకు?

"స్లో అయితే సర్వర్ పెంచుదాం భాయ్."

బ్లాగులకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని సలహా అడిగిన ప్రతి చోటా నాకు దొరికిన జవాబ్ ఇదే. ఈ జవాబుకి నేను పూర్తిగా ఖిలాఫ్. మన తెలుగు ముస్లిం ఖాన్‌దాన్‌ల చందా డబ్బుతో నడిచే బ్లాగులకు పెద్ద సర్వర్ అక్కర్లేదు. సరైన సాఫ్ట్‌వేర్ ఏదో ముందే హిసాబ్ చేసుకుంటే చిన్న సర్వరే ఎక్కువ. ఆ హిసాబ్ ఎలా చెయ్యాలో, ఎక్కడ మనల్ని తప్పుదోవ పట్టిస్తున్నారో ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది కృష్ణానగర్. ఒక పక్క సినిమా వాళ్ళ గల్లీలు, ఇంకో పక్క అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీలు చదువుకుంటూ నడిస్తే చాలు, ఈ దునియాలో ఎన్ని సాఫ్ట్‌వేర్లున్నాయో తెలిసిపోతుంది. పిల్లలు అక్కడ కోర్సులు చేస్తారు, మా గల్లీల్లో నలుగురు కలిసి ఒక రూముకి కిరాయి కడతారు, నౌకరీ దొరికేదాకా వెబ్‌సైట్లు చేసి పెడతారు. వాళ్ళ మెహనత్ మీద నాకు ఏ షికాయత్ లేదు. వాళ్ళకు నేర్పిన సబక్ మీదే నా ఫిర్యాదు. ఆ సబక్ కంపెనీల కోసం తయారైంది. కంపెనీలో సర్వర్ బిల్లు ఇంకెవరో కడతారు. మన దగ్గర ఆ బిల్లు ఒక రిటైర్డ్ మాస్టారి పెన్షన్ నుంచీ, ఒక ఖాలా కుట్టుమిషన్ కమాయీ నుంచీ వస్తుంది.

మా సంగతి చెప్తాను. కొన్ని కుటుంబాలం కలిసి ఆరు బ్లాగులు పెట్టుకున్నాం. ఒకటి నానీల వంటలు. రెండోది పెద్దల యాదులు, అంటే దాదాలు, నానాలు చెప్పిన పాత జమానా ముచ్చట్లు. మూడోది పిల్లల కతలు. నాలుగోది షాయిరీ, తెలుగులో. అయిదోది స్కాలర్‌షిప్పులు, దరఖాస్తుల ఆఖరి తారీఖులు. ఆరోది మన ఇళ్ళలో వాడే ఉర్దూ మాటలకి తెలుగు లుగత్. ఆరుగురు వేర్వేరు మనుషులు చూసుకుంటారు. ఒకరి దాంట్లో ఇంకొకరు వేలు పెట్టరు. అందుకే ఆరు బ్లాగులు.

ఆరింటికీ ఆరు వర్డ్‌ప్రెస్‌లు, ఒకే హోస్టింగ్ ఖాతాలో వేయించారు. ఒక చాంద్ రాత్ నాడు షీర్ ఖుర్మా కొలతల కోసం జనం నానీల వంటల మీద పడ్డారు. రాత్రి తొమ్మిదింటికి హోస్టింగ్ కంపెనీ ఖాతా బంద్ చేసింది. గిరాకీ వచ్చింది వంటల బ్లాగు ఒక్కదానికే. మూతపడ్డవి ఆరూ. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరి తారీఖు చూసుకోవాల్సిన పిల్లాడికి కూడా తాళమే కనపడింది. మర్నాడు ఫోన్ చేస్తే "మీరు లిమిట్ దాటారు, పెద్ద ప్లాన్ తీసుకోండి" అన్నారు. ఆ పెద్ద ప్లాన్ డబ్బుతో ఒక పిల్లకి ఏడాది కాలేజీ బస్ పాస్ వస్తుంది. అందుకే ఈ బహస్ నాకు కంప్యూటర్ల బహస్ కాదు, ఇంటి ఖర్చుల బహస్.

ఇప్పుడు అసలు మాట. మనకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మొదటిది సంభాళించే ఇబ్బంది: ఆరు బ్లాగులు, ఆరు పాస్‌వర్డ్‌లు, ఆరు చోట్ల అప్‌డేట్లు. రెండోది బరువు మోసే ఇబ్బంది: ఒకేసారి వందల మంది వస్తే సర్వర్ తట్టుకోవడం. సలహాలిచ్చేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి ఒకటే దవా రాసిస్తారు. జ్వరానికీ, కాలు విరిగినదానికీ ఒకే గోలీ ఇచ్చినట్టు.

బరువు సంగతి ముందు చూద్దాం. వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మీరు రాసిన వ్యాసం పేజీ రూపంలో తయారై ఉండదు. ముక్కలు ముక్కలుగా డేటాబేస్‌లో ఉంటుంది. ఎవరైనా వచ్చి అడిగినప్పుడు పీహెచ్‌పీ అనే గుమాస్తా లేచి, మైఎస్‌క్యూఎల్ అనే గోదాములోంచి శీర్షిక ఒక చోట, వ్యాసం ఒక చోట, పక్కన పట్టీలో ఉండేవి ఇంకో చోట వెతికి తెచ్చి, అన్నీ కలిపి పేజీ వండి ఇస్తాడు. రెండో మనిషి అదే పేజీ అడిగితే మళ్ళీ మొదటినుంచి అదే వంట. షాదీ దావత్‌కి వచ్చిన ప్రతి మెహమాన్‌కీ విడిగా ఒక గిన్నెలో బిర్యానీ పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది ఈ పద్ధతి. మనవాళ్ళలో ఎవరైనా అలా దావత్ చేస్తారా? దేగ్ ఒకసారి దమ్ పెడతాం. వెయ్యి మందికి వడ్డిస్తాం.

చిన్న లెక్క చూడండి. చవక ప్లాన్‌లో మీకు ఒకేసారి నలుగురు గుమాస్తాలను ఇచ్చారనుకోండి. ప్లగిన్లు బాగా తగిలించిన బ్లాగు కాబట్టి ఒక్కో పేజీ వండటానికి ఒక సెకను పడుతుందనుకోండి. అంటే సెకనుకి 4 పేజీలు, నిమిషానికి 240. ఇప్పుడు మీ లింకు 200 మంది చొప్పున ఉన్న పది వాట్సాప్ గ్రూపుల్లో పడింది. రెండు వేల మందిలో పావు వంతు ఆ నిమిషంలోనే నొక్కినా 500 మంది. 240 మందికి వడ్డించగలిగే చోట 500 మంది కూర్చున్నారు. మిగిలినవాళ్ళు లైన్లో నిలబడతారు. సబర్ లేనివాళ్ళు మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ కొడతారు, అది ఇంకో 500 అవుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు.

అదే పేజీ ముందే వండి ఒక ఫైలుగా పెట్టి ఉంటే? గుమాస్తా అక్కర్లేదు, గోదాము అక్కర్లేదు. అడిగినవాడి చేతిలో ఫైలు పెట్టడమే పని. ఎన్‌జింక్స్ లాంటి వెబ్ సర్వర్ మామూలు చిన్న మెషీన్ మీద కూడా ఇలాంటి చిన్న ఫైళ్ళను సెకనుకి వేలల్లో ఇచ్చేయగలదు. నాలుగుకీ వేలకీ మధ్య ఉన్న ఫాస్లా పెద్ద ప్లాన్ కొంటే పూడదు. వంట పద్ధతి మార్చితే పూడుతుంది.

ఇప్పుడు రెండో దవా సంగతి. కొంచెం ఎక్కువ తెలిసినవాళ్ళు "ఆరు వర్డ్‌ప్రెస్‌లు ఎందుకు, మల్టీసైట్ పెట్టుకోండి, లోడ్ తగ్గుతుంది" అంటారు. మొదటి సగం నిజం, రెండో సగం గలత్. మల్టీసైట్ అంటే ఒకే వర్డ్‌ప్రెస్ కింద చాలా బ్లాగులు నడపడం. ముందు ఇది వర్డ్‌ప్రెస్ ఎమ్‌యూ అని వేరే సాఫ్ట్‌వేర్. 2010 జూన్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.0లో అసలు దాంట్లోనే కలిపేశారు. దీనివల్ల ఒక్క చోట అప్‌డేట్ చేస్తే ఆరింటికీ సరిపోతుంది. సంభాళించే ఇబ్బంది నిజంగానే తగ్గుతుంది. కానీ వంట పద్ధతి మారిందా? మారలేదు. ఒక్కో పేజీకి అంతే మెహనత్. గోదాము కూడా చిన్నదేమీ కాదు. ఒక మామూలు వర్డ్‌ప్రెస్‌కి 12 టేబుళ్ళు ఉంటాయి. ఆరు వేర్వేరుగా వేస్తే 72. మల్టీసైట్‌లో మొదటి బ్లాగు తర్వాత వచ్చే ప్రతి బ్లాగుకీ ఇంకో 10 చేరతాయి. అంటే 62, వాటిమీద నెట్‌వర్క్ కోసం మరి కొన్ని. ఇంచుమించు అదే జమాబందీ. పైగా ఒక్క ప్లగిన్ చెడితే ఆరు బ్లాగులూ ఒకేసారి పడుకుంటాయి. మా చాంద్ రాత్ ముచ్చట సాఫ్ట్‌వేర్‌లోనే స్థిరంగా కట్టుకున్నట్టు.

కాబట్టి నా వాదన ఒక్క వాక్యంలో: చాలా బ్లాగులున్నాయి అన్నది వంటగదికి సంబంధించిన సవాల్, చాలా మంది వస్తారు అన్నది దస్తర్‌ఖాన్‌కి సంబంధించిన సవాల్, రెండింటినీ విడదీసే సాఫ్ట్‌వేరే మనకు కావాలి. వంటగది లోపల ఒకటే ఉండాలి. బయట ఆరు దస్తర్‌ఖాన్లు వేర్వేరుగా ఉండాలి. వడ్డించేది ముందే వండినదై ఉండాలి. దీన్నే స్టాటిక్ పేజీల పద్ధతి అంటారు.

ఇది కొత్త ఫ్యాషన్ కాదు. 2001 అక్టోబర్‌లో వచ్చిన మూవబుల్ టైప్ ఇలాగే పనిచేసేది. అమెరికాలో బెన్ ట్రాట్, మీనా ట్రాట్ అనే మియాబీవీ తయారు చేశారు. లోపల కూర్చుని రాసి, 'రీబిల్డ్' నొక్కితే అది పేజీలన్నీ ఫైళ్ళుగా వండి బయట పెట్టేది. ఒకే చోటినుంచి చాలా బ్లాగులు నడిపే సదుపాయమూ ఉండేది. చదివేవాళ్ళు ఎంతమంది వచ్చినా సర్వర్ హాయిగా ఉండేది. దాని కంజోరీ కూడా చెప్పాలి. వ్యాసాలు వేలల్లో పెరిగితే రీబిల్డ్‌కి చాలాసేపు పట్టేది.

మరి అంత మంచిదైతే జనం ఎందుకు వదిలేశారు? ఈ కిస్సా మన పెద్దలందరూ వినాలి. 2004 మే నెలలో మూవబుల్ టైప్ 3.0తో లైసెన్స్ మార్చేశారు. ముఫ్త్‌గా వాడుకోవాలంటే రాసేవాళ్ళు ఒక్కరే, బ్లాగులు మూడే. అంతకు మించితే రుసుము. ఎన్నో బ్లాగులు కలిపి నడుపుతున్నవాళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. అప్పటికి ఏడాది కిందటే, 2003 మే 27న, మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని వర్డ్‌ప్రెస్‌గా విడుదల చేసి ఉన్నారు. దాని లైసెన్స్ జీపీఎల్. ఎవరైనా, ఎన్ని బ్లాగులకైనా వాడుకోవచ్చు, ఇచ్చిన ఇజాజత్ రేపు వెనక్కి తీసుకోరు. జనం అటు నడిచారు. మూవబుల్ టైప్ వాళ్ళు 2007 డిసెంబర్‌లో తామూ జీపీఎల్ కింద ఒకటి వదిలారు గానీ అప్పటికే బజార్ లేచిపోయింది. వర్డ్‌ప్రెస్ గెలిచింది వంట పద్ధతి వల్ల కాదు, ఇజాజత్ వల్ల. మనం ఇజాజత్ పాఠం గుర్తుపెట్టుకోవాలి, వంట పాఠమూ మర్చిపోకూడదు.

ఈ రెండూ ఇప్పుడు ఒకే చోట దొరుకుతున్నాయి. 2008లో జెకిల్, 2013లో హ్యూగో వచ్చాయి. రెండూ ఓపెన్ సోర్స్, రెండూ ముఫ్త్. మీ వ్యాసాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మీ కంప్యూటర్‌లో ఉంటాయి. అవి వాటిని పేజీలుగా వండి ఇస్తాయి. హ్యూగో వేల పేజీల్ని కూడా సెకన్లలో వండేస్తుంది. మూవబుల్ టైప్ నాటి కంజోరీ పోయింది. ఆరు బ్లాగులంటే ఆరు ఫోల్డర్లు. ఒక ఫోల్డర్ చెడితే తక్కిన అయిదూ సలామత్.

ఇక దీనిమీద నేను వినే ఏతరాజ్‌లకు వరసగా జవాబ్ ఇస్తాను.

మొదటిది: "మా అమ్మీ ఈ ఫోల్డర్లూ కమాండ్లూ నేర్చుకుంటుందా?" ఇది సరైన సవాల్. మన రాతల్లో సగానికి పైగా ఆడవాళ్ళవి. రాయడం కష్టమైతే సాఫ్ట్‌వేర్ ఎంత తేలికైనా బేకార్. జవాబ్ ఏమిటంటే, వర్డ్‌ప్రెస్‌ని వంటగదిగా ఉంచుకోండి. రాసే పెట్టె అదే ఉంటుంది, అమ్మీకి అలవాటైన బటన్లే ఉంటాయి. కానీ ఆ వంటగది తలుపు బయటివాళ్ళకు మూసి ఉంచండి. అందులోంచి పేజీలన్నీ స్టాటిక్ ఫైళ్ళుగా తీసి ఇచ్చే ప్లగిన్లు ఉన్నాయి. ఆ ఫైళ్ళనే బయట పెట్టండి. ఆరుగురికీ ఒకే మల్టీసైట్ వంటగది పెట్టుకోండి, సంభాళించడం సులువు. మెహమాన్లు మాత్రం దస్తర్‌ఖాన్ దగ్గరే ఉంటారు. ఇలా చేస్తే రెండు ఇబ్బందులకూ రెండు వేర్వేరు దవాలు దొరికినట్టే.

రెండోది: "క్యాష్ ప్లగిన్ వేస్తే చాలదా?" కొంతవరకు చాలుతుంది. వండిన పేజీని కాపీ తీసి దాచుకుని తర్వాత వచ్చినవాళ్ళకు అదే ఇస్తుంది. అంటే దేగ్ పద్ధతినే దొడ్డిదారిన తెచ్చుకోవడం. ఇప్పటికే వర్డ్‌ప్రెస్ మీద ఉన్నవాళ్ళు ఈ రాత్రే అది పెట్టుకోండి, నేను మనా చెయ్యను. కానీ గుమాస్తా ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు. పాస్‌వర్డ్ ఊహించి లోపలికి దూరాలని మరబొమ్మలు రాత్రీపగలూ లాగిన్ పేజీ తలుపు కొడుతూనే ఉంటాయి. ఆ పేజీకి క్యాష్ పనిచెయ్యదు. ప్రతి కొట్టుడికీ గుమాస్తా లేవాల్సిందే. ఒక్క మనిషి కూడా చదవని రాత్రి కూడా మీ సర్వర్ అలసిపోతుంది. స్టాటిక్ పేజీల ఇంట్లో కొట్టడానికి అసలు ఆ తలుపే ఉండదు.

మూడోది: "చదివినవాళ్ళు జవాబ్ రాయాలంటే ఎలా?" స్టాటిక్ పేజీకి ఇది నిజమైన లోటే. మా ఇంతజామ్ ఏమిటంటే, ప్రతి పేజీ కింద ఈమెయిల్ పతా ఉంటుంది. వచ్చిన ఖతాల్లో మంచివాటిని వ్యాసం కిందే అచ్చు వేస్తాం, పాత పత్రికల్లో ఉత్తరాల శీర్షికలాగా. తిట్లు, బజారు ప్రకటనలు వడపోతకు ముందే ఆగిపోతాయి. మన ఆడపిల్లలు పేరు పెట్టి రాసే చోట ఇది లోటు కంటే రక్షణే ఎక్కువ.

నాలుగోది: "ఇదంతా ఎందుకు, గూగుల్ వాళ్ళ బ్లాగర్ ముఫ్త్ కదా, లోడ్ వాళ్ళే మోస్తారు." ఒక్కరు రాసుకునే ఒక్క బ్లాగుకి బ్లాగర్ చాలు, ఇన్సాఫ్‌గా చెప్తున్నాను. ఒక్క ఖాతాలో వంద బ్లాగుల దాకా పెట్టుకోవచ్చు కూడా. కానీ అది కిరాయి మకాన్. మాలిక్ మంచివాడైనా మకాన్ మనది కాదు. ఒకప్పుడు బ్లాగర్ మీ పేజీలను వండి ఎఫ్‌టీపీ ద్వారా మీ సొంత సర్వర్‌కి పంపేది, అచ్చం నేను చెప్తున్న పద్ధతే. 2010 మే 1న ఆ సదుపాయం బంద్ చేశారు. గూగుల్‌ని మనం అడగగలిగిందేమీ లేదు. అంతకు ముందు ఏడాది, 2009 అక్టోబర్‌లో, యాహూ తన జియోసిటీస్‌ని మూసేసింది. ఎన్నో లక్షల సొంత పేజీలు ఒక్క తాకీదుతో ఖతం.

ముస్లిం కుటుంబాలుగా మనం గుర్తుంచుకోవాల్సిన తారీఖు ఇంకొకటుంది. 2006 జూలైలో ముంబై రైలు పేలుళ్ళ తర్వాత కొన్ని పేజీలను ఆపమని సర్కార్ ఇంటర్నెట్ కంపెనీలకు హుకుం ఇచ్చింది. ఆ నాలుగు పేజీల్ని విడిగా ఆపడం చేతగాక కంపెనీలు బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నే ఆపేశాయి. వంటలు రాసుకునేవాళ్ళు, కవిత్వం రాసుకునేవాళ్ళు, అందరి తలుపులూ కొన్నాళ్ళు మూతపడ్డాయి. ఎవరో చేసిన దానికి గల్లీ మొత్తానికి కర్ఫ్యూ పెట్టడం మనకు కొత్త కాదు గానీ, ఇంటర్నెట్‌లో కూడా అదే జరుగుతుందని అప్పుడు తెలిసింది. 2014 డిసెంబర్‌లో మళ్ళీ 32 సైట్లను ఆపారు. అందులో గిట్‌హబ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉన్నాయి. చాలామంది స్టాటిక్ పేజీలు ముఫ్త్‌గా పెట్టుకునేది గిట్‌హబ్‌లోనే. కాబట్టి "స్టాటిక్ అయితే చాలు, ఏ భయం లేదు" అని నేను అనను. రెండు పనులు చెయ్యాలి. పతా మన పేరు మీద ఉండాలి, అంటే సొంత డొమైన్. సామాన్ మన చేతిలో ఉండాలి, అంటే ఫైళ్ళన్నీ ఇంట్లో నకలు. అప్పుడు ఒక మకాన్ మూతపడితే ఆ సాయంత్రమే ఇంకో మకాన్‌కి మారిపోవచ్చు. పతా మారదు, చదివేవాళ్ళకు తేడా తెలియదు. డేటాబేస్ మీద నడిచే ఆరు బ్లాగుల్ని ఇలా ఒక్క సాయంత్రంలో ఎత్తుకెళ్ళమనండి చూద్దాం.

అయిదోది: "ఆరు బ్లాగులు ఆరు చోట్ల ఉంటే ఒక కుటుంబంలా ఎలా కనపడతాయి?" దీనికి జవాబ్ మా పక్కనే దొరికింది. ఒకప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు బ్లాగర్లు నెలకోసారి ఆదివారం యూసుఫ్‌గూడ దగ్గర కృష్ణకాంత్ పార్కులో కలిసేవాళ్ళు. మా గల్లీనుంచి నడిచి పోయేంత దూరం. వాళ్ళలో కొందరు బ్లాగ్‌స్పాట్ మీద రాసేవాళ్ళు, కొందరు వర్డ్‌ప్రెస్ మీద, కొందరు సొంత సైట్లలో. ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని ఎవరూ జబర్దస్తీ చెయ్యలేదు. అయినా అందరి కొత్త రాతలూ కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినుల్లో ఒకే చోట వరసగా కనపడేవి. కారణం ఫీడ్. ఏ సాఫ్ట్‌వేరైనా కొత్త వ్యాసాల పట్టికని ఒక చిన్న ఫైలుగా ఇస్తుంది. సంకలిని ఆ ఫైళ్ళు చదివి కలుపుతుంది. ఆ ఫైలు స్టాటిక్ పద్ధతిలోనూ తయారవుతుంది. మన ఆరింటినీ ఒక ముఖద్వారం పేజీలో కలపడానికి ఆరు ఫీడ్లు చాలు. ఇళ్ళు వేర్వేరుగా ఉన్నా దావత్ కలిసే చేసుకోవచ్చని తెలుగు బ్లాగర్లు ఎప్పుడో చూపించారు.

బరువు గురించి ఇంకొక మాట. ఇది సాఫ్ట్‌వేర్ మారిస్తే తీరేది కాదు, మన ఆదత్ మారాలి. యూనికోడ్‌లో తెలుగు ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది. 'ముస్లిం' అన్న మాట రాస్తే మ, కొమ్ము, స, పొల్లు, ల, గుడి, సున్న కలిపి ఏడు గుర్తులు, 21 బైట్లు. ఉర్దూ లిపిలో మీమ్, సీన్, లామ్, మీమ్, నాలుగు హర్ఫులు, 8 బైట్లు. ఇంగ్లీషులో 6. అమ్మో మన తెలుగు ఎంత బరువో అనుకోకండి. వెయ్యి మాటల తెలుగు వ్యాసం మొత్తం కలిపినా సుమారు 25 కిలోబైట్లు. సర్వర్ దాన్ని కుదించి పంపితే ఇంకా తగ్గుతుంది. ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో 3 మెగాబైట్లు ఉంటే, అది వంద వ్యాసాల కంటే బరువు. నానీ చిగుర్ గోష్త్ ఎలా వండుతుందో చెప్పే పేజీలో అలాంటి ఫోటోలు పది పెట్టి, సర్వర్ స్లో అని ఏడవడం ఏం ఇన్సాఫ్?

ఇంకా ఘోరం ఏమిటంటే మనవాళ్ళు రాతనే ఫోటోగా పెడతారు. డీటీపీ చేసే చోట పాత తెలుగు ఫాంట్లలో టైపు చేయించి, దాన్ని పోస్టర్‌గా మార్చి ఎక్కిస్తారు. ఉర్దూ అఖ్బార్లకు అప్పట్లో మజ్బూరీ ఉండేది. నస్తాలీక్‌లో హర్ఫులు ఒకదానిమీద ఒకటి వాలుతూ కలుస్తాయి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ తయారు చేసిన నూరీ నస్తాలీక్‌కే ఇంచుమించు 20 వేల జోడింపులు రాయాల్సి వచ్చింది. బ్రౌజర్లలో అది రాక, పేజీ మొత్తాన్ని తస్వీర్ తీసి పెట్టేవాళ్ళు. తెలుగుకి ఆ మజ్బూరీ ఎప్పుడో పోయింది. తస్వీర్‌గా పెట్టిన రాత సర్వర్‌కి బరువు, చదివే ఫోన్‌కి బరువు, గూగుల్‌కి కనపడదు, కళ్ళు లేనివాళ్ళ ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. 1998లో అమెరికాలో మొదలైన ఈమాట పత్రికను చూడండి. యూనికోడ్ లేని రోజుల్లో వచ్చిన సంచికల్ని కూడా తర్వాత యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. అందుకే ఆ పాత సంచికలు ఇప్పుడూ చదువుకోగలుగుతున్నాం. అక్షరం అక్షరంగా ఉంటేనే ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్ళగలం.

"ఫేస్‌బుక్ ఉండగా బ్లాగులెందుకు" అనే పెద్దలకు కూడా ఒక మాట. ఫేస్‌బుక్‌లో సర్వర్ దిగులు లేదు, నిజం. కానీ మూడేళ్ళ కింద మీ అబ్బాజాన్ యాదులు రాసిన పోస్టు ఇప్పుడు వెతికి తియ్యండి. గంటసేపు కిందకి తోస్తూ కూర్చోవాలి. కిరాయి మకాన్‌లో సామాన్‌కి కనీసం ఒక అల్మారా ఉంటుంది. అక్కడ అదీ లేదు.

ఇదీ నా ఫైసలా. బ్లాగులు పెట్టుకోబోయే కుటుంబాలు సాఫ్ట్‌వేర్ వేసిచ్చే కుర్రాడిని నాలుగు సవాళ్ళు అడగండి. ఒకటి, చదివేవాడు వచ్చిన ప్రతిసారీ పేజీ మళ్ళీ వండుతుందా, ముందే వండి ఉంటుందా? రెండు, ఏడో బ్లాగు పెట్టాలంటే ఇంకో ఇన్‌స్టాలేషన్ కావాలా, ఇంకో ఫోల్డర్ చాలా? మూడు, ఒక బ్లాగు మీద జనం పడితే తక్కినవి నిలబడతాయా? నాలుగు, రేపు నేను నిన్నూ, నీ కంపెనీనీ వదిలేస్తే నా రాతలన్నీ ఎన్ని గంటల్లో నా చేతికొస్తాయి, ఏ రూపంలో వస్తాయి? ఈ నాలుగింటికి సీదా జవాబ్ ఇచ్చినవాడికే పని ఇవ్వండి, వాడికి మెహనత్‌కి తగ్గ మజూరీ కూడా ఇవ్వండి. "సర్వర్ పెంచుదాం" అన్నవాడికి షుక్రియా చెప్పి పంపేయండి.

డొమైన్ మాత్రం ఆ కుర్రాడి పేరు మీద, వాడి ఈమెయిల్ మీద కొనకండి. దస్తావేజు ఇంటి పెద్ద పేరు మీదే ఉండాలి. నెలకోసారి, జీతాల రోజు గుర్తుంటుంది కాబట్టి ఆ రోజే, ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో నకలు తీసి బీరువాలో పెట్టండి. ఇంకో నకలు వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉండాలి.

నానీలు పోతే వాళ్ళ వంట కొలతలు మళ్ళీ దొరకవు. దాదాలు పోతే ఆ జమానా చెప్పేవాళ్ళు ఉండరు. వాళ్ళ మాటలు మన దగ్గర అమానత్. ఆ అమానత్‌ని భద్రంగా ఉంచడానికి పోగేసిన చందాని, ఒకే పేజీని పదివేలసార్లు మళ్ళీ మళ్ళీ వండటానికి తగలేసే హక్ మనకు లేదు.